తప్పుల పక్కన టిక్కులు

వంటింటి అలమార తలుపు లోపలివైపు కోడలు ఒక కాగితం అంటించింది. ఉప్పు డబ్బా కోసం తలుపు తీసినప్పుడల్లా అది నా మొహం మీదకి వచ్చేది. దాని మీద మూడు నిలువు వరసలు. మొదటి వరసలో ఒక మాట, రెండో వరసలో అదే మాట కాస్త వంకర తిరిగి, మూడో వరసలో ఇంకాస్త వంకర తిరిగి. ఒక్కోదాని కింద ఎర్ర పెన్నుతో ఎలా పలకాలో తెలుగులో రాసి, పక్కన అర్థం. గేయెన్, గింగ్, గెగాంగెన్: వెళ్ళడం. కోమెన్, కామ్, గెకోమెన్: రావడం.

"ఇవేంటమ్మాయ్, మంత్రాలా?" అన్నాను.

"జర్మన్ అత్తయ్యా. మా డయాలసిస్ వార్డుకి కొత్త మెషిన్లు వస్తున్నాయి. వాటి పుస్తకాలన్నీ ఆ భాషలోనే ఉంటాయట. నేర్చుకున్నవాళ్ళని ఇన్‌చార్జి చేస్తారట."

చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. పాలగిన్నె వైపు చూసింది. ఆ పాలు పొంగడానికి ఇంకా చాలా టైముంది.

నాకు అనుమానం ఎక్కువని అందరూ అంటారు. ఉండదా మరి? నా ఎనిమిదో ఏట మా నాన్న తెగిన చెప్పు కుట్టించుకొస్తానని ఒంటికాలి చెప్పుతో వెళ్ళి, మళ్ళీ రాలేదు. మా ఆయన డాక్టరుకి చూపించుకుని వచ్చేస్తా, నువ్వు అన్నం వార్చెయ్ అన్నాడు. వార్చిన అన్నం వార్చినట్టే ఉంది, ఆయన్ని నలుగురు మోసుకొచ్చారు. తొమ్మిదేళ్ళ కిందట మా అబ్బాయి మిక్సీ బాగు చేయించుకొస్తానని సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. మూడు వారాలకి వేరే ఊరినుంచి ఉత్తరం వచ్చింది, అక్కడ ఇంకొకావిడతో ఉంటున్నానని. మిక్సీ సంగతి అందులో లేదు.

విడాకుల కాగితాలు పూర్తయిన రోజు, కోడలు పెట్టె సర్దుకుంటుందని నేను గుమ్మంలో కూర్చున్నాను. ఆమె గదిలోంచి వచ్చి, "రాత్రికి కూరేం చేద్దాం అత్తయ్యా?" అంది. అప్పట్నుంచి ఈ ఇంట్లో మేమిద్దరమే. కాగితాల ప్రకారం చూస్తే ఒకరికొకరం ఏమీ కాము. వెళ్ళేవాళ్ళు వెళ్తారని నాకు తెలియనిది కాదు. చెప్పకుండా వెళ్ళడం ఒక్కటే నాకు పడదు. నాలుగోసారి దాన్ని భరించే ఓపిక నాలో లేదు.

రేడియో ఆయా వచ్చినప్పుడు మెల్లగా అడిగాను. ఆమె మా కోడలి ఆసుపత్రిలోనే ఆయా. అడిగినా అడక్కపోయినా వార్తలు చెబుతుంది కాబట్టి ఆ పేరు.

"మీ వార్డులోకి కొత్త మెషిన్లొస్తున్నాయటగా?"

"ఎవరు పిన్నీ అన్నది?" ఆయా నోరు నొక్కుకుంది. "ఉన్నవాటికే టేపులేసి నడిపిస్తున్నారు. మొన్న ఒకదానికి కాలు ఊడితే ఇటుక పెట్టారు."

"మరి జర్మనో ఏదో..."

"జర్మనా? మాకు తెలుగులో పిలిస్తేనే ఎవరూ పలకరు."

ఆయా వెళ్ళాక అలమార తలుపు తీసి నిలబడ్డాను. నేను బడికి వెళ్ళలేదు. దర్జీ కొట్లో కాజాలు కుట్టేటప్పుడు, బట్ట కత్తిరించడానికి అచ్చుగా వాడే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ వార్తలు ఎక్కడో చంక దగ్గరో మెడ దగ్గరో తెగిపోయేవి. మిగతాది నేనే ఊహించుకునేదాన్ని. ఎక్కువగా చెడ్డదే ఊహించుకునేదాన్ని. ఇప్పుడు ఈ కాగితాన్ని కూడా అలాగే చదివాను. వెళ్ళడం, రావడం, ఉండిపోవడం, మరచిపోవడం, చచ్చిపోవడం, అబద్ధమాడడం. రక్తం శుభ్రం చేసే మెషినుకి ఇన్ని పనులెందుకు? ఏ మెషిను అబద్ధమాడుతుంది?

ఆ మధ్యాహ్నం డ్యూటీనుంచి వచ్చి, స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని కోడలు నా ముందు కూర్చుంది.

"అత్తయ్యా, మీకో పని. ఈ పట్టిక మీరు పట్టుకోండి. నేను అప్పజెప్తాను. తెలుగులో రాశాను కదా, చూసి తప్పయితే తప్పనండి, ఒప్పయితే పక్కన టిక్కు పెట్టండి. మా టీచరు రోజూ ఎవరికైనా అప్పజెప్పమంది."

నేనే దొరికానన్నమాట. దొంగ వచ్చి కాపలావాడికి సంచి అందించినట్టుంది. సంతోషంగా ఒప్పుకున్నాను. అప్పజెప్పేటప్పుడు మనిషి నోరు జారకపోతుందా, నిజమేదో నాకు దొరక్కపోతుందా అనుకున్నాను.

రోజూ మూడింటికి కూర్చునేవాళ్ళం. నేను కళ్ళజోడు సర్దుకుని తెలుగు అర్థం చదవాలి, ఆమె మూడు రూపాలూ చెప్పి, జరిగిపోయినట్టుగా ఒక వాక్యం చెప్పాలి. ఆ భాషలో జరిగిపోయినదానికి ముందు ఒక సాయం మాట కావాలట. 'నేను' అనే 'ఇహ్' తర్వాత చాలా వాటికి 'హాబె' అంటే సరిపోతుంది. వెళ్ళడం, రావడం, చచ్చిపోవడం లాంటి వాటికి మాత్రం 'బిన్' అనాలి. అలాంటివాటి పక్కన ఆమె చుక్క గుర్తు పెట్టుకుంది. ఉండిపోవడం పక్కన కూడా చుక్క ఉంది.

"ఉండిపోయేదాన్ని వెళ్ళిపోయేవాటితో కలిపారేంటి?" అన్నాను.

"ఏమో అత్తయ్యా. అలాగే వస్తుందంది టీచరు. గుర్తుపెట్టుకోవడమే."

కాగితం వెనకవైపు ఇంకో పట్టిక ఉండేది. కూర్చోండి, చెయ్యి చాపండి, ఊపిరి తీసుకోండి అని పేషెంట్లకి చెప్పేవి ఒకపక్క. ఇంకోపక్క, అలా జరిగి ఉంటే ఇలా చేసేదాన్ని అనేవి.

"జరగనివాటికి కూడా పట్టికా?"

"జరగనివాటికే ఎక్కువ కష్టపడాలి అత్తయ్యా," అని నవ్వింది.

ఆ పట్టిక కింద ఆమె చేతిరాతతో ఒక వాక్యం ఉంది. తెలుగు అర్థం కూడా రాసింది: 'పని దొరక్కపోయి ఉంటే నేను ఉండిపోయి ఉండేదాన్ని.' వేలు పెట్టి చూపించాను.

"ఇది ఎవరి గురించి?"

"ఎవరి గురించీ కాదు. టీచరిచ్చింది. అందరికీ అదే వాక్యం."

తువ్వాలు విప్పి జుట్టు తుడుచుకోవడం మొదలుపెట్టింది. అప్పటికే జుట్టు ఆరిపోయింది.

ఆ వారమే ఆమె యూనిఫాం ఉతకడానికి నానబెడుతూ జేబులు చూశాను. ఎప్పుడూ చూస్తాను, పెన్నులు మరిచిపోతుంది. ఈసారి చిన్న కవరు దొరికింది. లోపల ఎనిమిది ఫోటోలు. ఎనిమిదింట్లోనూ మా కోడలే. చెవులు కనబడేలా జుట్టు వెనక్కి దువ్వుకుని, నవ్వకుండా, ఎవరో పోలీసు స్టేషనులో నిలబెట్టినట్టు. ఆసుపత్రి కార్డుకి ఒక్క ఫోటో చాలు. ఎనిమిది ఎందుకు? కవరు మళ్ళీ ఆమె సంచిలో ఉన్నచోట పెట్టేశాను.

అడిగి ఉండవచ్చు. అడిగితే అబద్ధం చెబుతుంది, ఆ అబద్ధాన్ని నేను నమ్మినట్టు నటించాలి. లేదా నిజం చెబుతుంది. రెండూ వద్దనిపించింది.

మర్నాడు మూడింటికి కూర్చున్నాం. "వెళ్ళడం" అన్నాను.

"గేయెన్, గింగ్, గెగాంగెన్. ఇహ్ హాబె గెగాంగెన్."

తప్పు. 'బిన్' అనాలి. చుక్క నా కళ్ళముందే ఉంది.

"ఒప్పే," అని టిక్కు పెట్టాను.

ఒక్కసారి మొదలుపెట్టాక ఆపడం కష్టం. ఆ రోజు మూడు తప్పులు వదిలాను. తర్వాతి రోజు ఆరు. ఆమె సందేహంగా ఆగినప్పుడు, "బాగానే చెబుతున్నావు, కానియ్" అని ధైర్యం కూడా చెప్పాను. వేసిన ప్రతి టిక్కూ గుమ్మానికి వేసిన గడియలా అనిపించేది. పరీక్షో ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అందులో తప్పితే ఇక్కడే ఉంటుంది. ఇదీ నా లెక్క. రాత్రి అన్నం దగ్గర ఆమె కంచంలో ఇంకో గరిటె కూర వేసేదాన్ని. తప్పు చేసినవాళ్ళకి చెయ్యి ధారాళమవుతుంది కాబోలు.

రెండు వారాలు గడిచాక ఒకరోజు ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఏమైంది?"

"మాట్లాడే పరీక్ష ఒకసారి ఉత్తుత్తిగా పెట్టింది టీచరు. నోరు తెరిస్తే తప్పులే అంది. ముందు వచ్చినవి కూడా ఇప్పుడు రావట్లేదు, ఎవరి దగ్గర చదువుతున్నావు అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"మా అత్తయ్య దగ్గర అన్నాను."

ఆ మాట అని నావైపు చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. నేను లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాను. వంటింట్లో నిలబడి, ఆమెకి తెలిసిపోయిందా అని ఆలోచించాను. తెలిసుంటే కాగితం లాక్కునేది. మర్నాడు ఎప్పట్లాగే కాగితం నా చేతికిచ్చింది. తెలియలేదనుకున్నాను.

ఆ రోజు చాలా వేగంగా అప్పజెప్పింది. నేను పెన్సిలు పట్టుకుని ఊకొడుతూ, ఆ ఎనిమిది ఫోటోల్లో ఎన్ని మిగిలి ఉంటాయా అని ఆలోచిస్తున్నాను.

"తాగడం" అన్నాను.

"ట్రింకెన్, ట్రింకెతె, గెట్రింకెత్."

"ఒప్పే."

"సాయం చేయడం" అని నేనింకా అననే లేదు, ఆమే అందుకుంది.

"గరిటె, గరిట్, గెగరిటెన్."

"ఊఁ, ఒప్పే."

వీధిలో ఎవరో స్కూటరుని తన్ని తన్ని స్టార్టు చేస్తున్నారు, అది అవడం లేదు.

"గరిటె ఏ భాష అత్తయ్యా?"

పెన్సిలు ఆగింది. టిక్కు మాత్రం అప్పటికే పడిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏది?"

"తప్పుని ఒప్పనడం."

"నువ్వు మెషిన్లంటున్నది ఎన్నాళ్ళ నుంచో, దానికి పది రోజులు తక్కువ."

ఆమె మొహం ఎర్రబడింది. "రేడియో ఆయా చెప్పిందా?"

"దాని నోరు అవసరమా? నీ ఫోటోలు చాలవూ? ఎనిమిది మొహాలు, ఒక్కదాంట్లో నవ్వు లేదు."

"వాటిలో నవ్వకూడదు. రూలు."

"నవ్వే పని కాదులే మరి."

కోడలు కాగితం నా చేతిలోంచి తీసుకుని, టిక్కుల మీద వేలు పెట్టి కిందికి పోనిచ్చింది. తప్పుల దగ్గర వేలు ఆగుతోంది. చాలాసార్లు ఆగింది.

"ముందే చెబితే ఏం చేసేవారు?" అంది.

"అడ్డుపడేదాన్ని."

"చెప్పకపోతే ఏం చేశారు?"

"అడ్డుపడ్డాను."

నవ్వొచ్చింది ఇద్దరికీ. కానీ ఎవరమూ నవ్వలేదు.

అప్పుడు చెప్పింది. జర్మన్ దేశంలో ఒక ఆసుపత్రి వాళ్ళు నర్సుల్ని తీసుకుంటున్నారట. భాష పరీక్ష ఒక్కటే అడ్డం. చదవడం, వినడం, రాయడం ఎలాగో గట్టెక్కుతాయి. భయమంతా మాట్లాడడం గురించే. "ఇక్కడ ఆ వార్డులో పన్నెండేళ్ళు చేశాను అత్తయ్యా. ఇంకో పన్నెండేళ్ళూ ఆ ఇటుక పెట్టిన మెషిను పక్కనే నిలబడలేను. మిమ్మల్ని తీసుకెళ్ళొచ్చా అని అడిగాను కూడా. ఆ ఫారంలో అత్తగారికి గడి లేదు. భర్త తల్లి అని రాస్తే, భర్త ఏడీ అంటారు."

"నాకు ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"టికెట్ వచ్చాక."

"టికెట్ వచ్చాక ఎప్పుడు?"

"ముందురోజు."

"నిజం చెప్పు."

ఆమె కాగితం అంచు మడిచింది. "ఒక్కోసారి అనిపించేది," అంది చివరికి. "డ్యూటీకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళిపోదామని. అక్కడికి చేరాక ఫోన్ చేద్దామని. మీ మొహం చూస్తూ చెప్పగలనా అని భయం."

ఇన్నాళ్ళూ నేను భయపడింది సరిగ్గా ఇదే. నా అనుమానం నిజమైతే కనీసం గెలిచానన్న తృప్తి ఉంటుందనుకున్నాను. తృప్తి రాలేదు.

"మీ ఆయన మిక్సీ పట్టుకెళ్ళాడు," అన్నాను. "నువ్వు టిఫిను డబ్బా పట్టుకెళ్ళేదానివన్నమాట."

ఆమె ఏడ్చేసింది. నేను ఏడవలేదు. నాకు మాట్లాడవలసింది ఇంకా ఉంది.

"వెళ్ళు. ఎక్కడికైనా వెళ్ళు. నా కొడుకు చేసిన పనికి నీ బతుకంతా నాకు కాపలా కాయక్కర్లేదు. కానీ డ్యూటీకని చెప్పి వెళ్ళకు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ బండిలో, అన్నీ నాకు ముందే తెలియాలి. అది ఒక్కటీ చేస్తే చాలు."

"చెబుతాను."

"పరీక్ష ఎప్పుడు?"

"ఇంకో పంతొమ్మిది రోజులుంది."

"ఆ కాగితం ఇటివ్వు."

ఆమె కాగితాన్ని గుండెకి అదుముకుంది. "ఇవ్వను. ఇక మీరు ఒప్పంటే నేనెలా నమ్మేది?"

అడగవలసిన ప్రశ్నే. నమ్మమని చెప్పే మొహం నాకు లేదు. అందుకని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళజోడు లేకపోతే నాకు ఎదురుగా గోడ కూడా మసకే. మొదటి వరస నుంచి మొదలుపెట్టాను. గేయెన్, గింగ్, గెగాంగెన్, ఇహ్ బిన్ గెగాంగెన్. కోమెన్, కామ్, గెకోమెన్, ఇహ్ బిన్ గెకోమెన్. ట్రింకెన్, ట్రాంక్, గెట్రుంకెన్, దీనికి హాబె. ఉండిపోవడం: బ్లైబెన్, బ్లీబ్, గెబ్లీబెన్, ఇహ్ బిన్ గెబ్లీబెన్. అబద్ధమాడడం: లూగెన్, లోగ్, గెలోగెన్, హాబె. పట్టిక చివరిదాకా చెప్పాను. రెండుచోట్ల తడబడ్డాను, వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నాను.

కోడలు కాగితంతో సరిచూస్తూ నోరు తెరుచుకుని కూర్చుంది.

"అంటే నేను తప్పు చెప్పిన ప్రతిసారీ మీకు తెలుసు."

"ప్రతిసారీ."

"నాకంటే మీకే బాగా వచ్చు!"

"తప్పుని ఒప్పనాలంటే ఒప్పేదో తెలియొద్దూ?"

అప్పుడు కాగితం ఇచ్చింది. ఇచ్చింది కానీ నమ్మలేదు. ఆ పంతొమ్మిది రోజులూ నేను ఒప్పన్నవాటిలో ప్రతి నాలుగోదాన్ని పుస్తకంలో చూసుకునేది. మధ్యమధ్యలో కావాలని తప్పు చెప్పి నా మొహం చూసేది. కుట్టుపని రోజుల నాటి చెక్క స్కేలు ఒకటి నా దగ్గరుంది. తప్పు వినబడగానే దానితో బల్ల మీద ఒక్కటిచ్చేదాన్ని.

"హాబె కాదు, బిన్!"

"అది కావాలని చెప్పాను."

"పరీక్షలో కూడా అలాగే చెప్పు, నీ కావాలని వాళ్ళకి బాగా అర్థమవుతుంది."

"టీచరు నయం మీకంటే. ఆవిడ కొట్టదు."

"ఆవిడకి నువ్వేమవుతావు కొట్టడానికి?"

పేషెంటుతో మాట్లాడే పరీక్ష కోసం నేనే పేషెంటునయ్యేదాన్ని. మంచం మీద పడుకుని మూలిగేదాన్ని. ఆమె వంగి, ఊపిరి గట్టిగా తీసుకోండి, చెయ్యి చాపండి, భయపడకండి అని ఆ భాషలో చెప్పేది. అన్నీ చేసేదాన్ని. ఒకసారి తలుపు తీసి ఉంటే రేడియో ఆయా లోపలికొచ్చి, "పిన్నికేమైంది?" అని గుండెలు బాదుకుంది. విషయం తెలిశాక నెమ్మదిగా, "అమ్మాయి వెళ్ళాక ఆ గదిలోకి ఎవరైనా వస్తున్నారా పిన్నీ?" అని అడిగింది. ఆమె తన చెల్లెలి ఇంట్లో ఒక మూల తలదాచుకుంటోంది పాపం. అయినా ఎందుకు అడిగిందా అని నాకు రెండు రోజులు అనుమానం పోలేదు. మూడోరోజు, చూద్దాంలే అన్నాను.

పరీక్షకి వెళ్తూ కోడలు గుమ్మంలో ఆగి, "పరీక్ష హాలుకి, తొమ్మిదింటి బస్సు, మూడింటికి ఇంటికి," అని అప్పజెప్పినట్టు చెప్పింది. మూడూ పదికి వచ్చింది. ఆ పది నిమిషాలు నేను వీధిలో నిలబడే ఉన్నాను.

ఫలితం నెల తిరక్కుండానే వచ్చింది. ఫోన్ తెచ్చి ముందు నా చేతికే ఇచ్చింది, తను చూడకుండా. నాలుగు వరసలున్నాయి, నాలుగింటి పక్కనా అంకెలున్నాయి. నాకు అర్థం కాలేదు.

"ఇది నీదేనా? పేరు సరిగ్గా చూడు. ఇంకెవరిదైనా వచ్చిందేమో."

"నాదే అత్తయ్యా." ఆమె వంగి ఒక వరస చూపించింది. "మాట్లాడడంలోనే ఎక్కువొచ్చాయి."

"వాళ్ళు సరిగ్గా దిద్దారంటావా?"

"దిద్దారు. వాళ్ళు మీలాంటివాళ్ళు కాదు."

ఆ రోజు ఆ మాటకి నేను నిజంగానే నవ్వాను. నవ్వాక లోపలికి వెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాను. ఆమె వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను లేచేదాకా అలాగే కూర్చుంది.

ఆ తర్వాత ఆమె ఏదీ దాచలేదు. వీసా కాగితమొస్తే చదివి వినిపించింది. ఆసుపత్రి వాళ్ళు రాస్తే, ఒక వరస ఆ భాషలో, ఒక వరస తెలుగులో చెప్పింది. మధ్యలో ఒక పదాన్ని వదిలేస్తే, "అదేంటి, దాన్ని దాటేశావు?" అని పట్టుకున్నాను. అది వాళ్ళ వార్డు పేరట.

నిన్న సాయంత్రం చిక్కుళ్ళు వలుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"టికెట్ వచ్చింది అత్తయ్యా."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎప్పుడు?"

"వచ్చే నెల ఇరవై రెండు."

"ఏ వారం?"

"గురువారం."

"ఎన్నింటికి?"

"విమానం పదకొండున్నరకి. ఇంట్లోంచి ఏడున్నరకి బయల్దేరాలి."

"ఏడున్నరంటే ఏడున్నరేనా? నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఏడుకే వెళ్ళిపోవు కదా?"

"మీరు స్నానం చేసి, కాఫీ తాగి, నన్ను నాలుగు తిట్టాకే వెళ్తాను."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. నలభై ఒక్క రోజులు. ఇంతకుముందు నన్ను వదిలి వెళ్ళినవాళ్ళెవరూ నాకు ఒక్కరోజు కూడా ఇవ్వలేదు.

"టికెట్ చూపించు," అన్నాను.

చూపించింది. తేదీ దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాను.